దాంత్ దేఖ్‌కే డోర్: గాలం ముందు జానెడు తీగ కథ

మొన్న జుమా నాడు పొద్దున్నే మస్కట్ నుంచి మా ఆపా కొడుకు ఫోన్ చేశాడు. సలాం పూర్తి కాకముందే "మామూ, ఈరోజు ఒక్క గంటలో మూడు పోయాయి" అన్నాడు. నాకు గుండె గుభేలుమంది. తీరా అడిగితే పోయినవి ల్యూర్లట. రంగురంగుల ప్లాస్టిక్ చేపపిల్లలు, ఒక్కోటి నాలుగు రియాళ్లు. సెలవు రోజున దోస్తులతో పడవ మీద షికారుకు వెళ్లాడు. "కనఅద్ పట్టింది మామూ. ఒక్క గుంజు గుంజింది. అంతే, దారం ఖాళీగా వచ్చింది."

ఖలీజ్‌లో కనఅద్ అనే చేప మనకు పరాయిది కాదు. మన తీరంలో వంజరం, కోనాం అని పిలుచుకునే జాతే. ఎర్ర సముద్రం నుంచి బంగాళాఖాతం దాటి ఇంకా తూర్పుదాకా తిరుగుతుంది. మన దస్తర్‌ఖాన్ మీద ముక్కలుగా కనిపించే ఆ చేప నోరు తెరిచి చూసినవాళ్లు మాత్రం తక్కువ.

"దారం కొసన తీగ కట్టావా?" అని అడిగాను.

"తీగ కడితే చేపకు కనపడుతుందట మామూ. అందుకే కట్టలేదు."

నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే కాస్త బాధ కూడా వేసింది. ఇదే మాట పన్నెండేళ్ల వయసులో నేను మా నానాతో అన్నాను. ఆ కిస్సా వాడికి చెప్పాను. చెప్పాక, ఈ జానెడు తీగ వెనక ఎంత తారీఖ్ ఉందో రాసి పెడదామనిపించింది.

మా నానాకు బందరులో సైకిల్ షాపు ఉండేది. దుకాణం మూసిన రోజు ఆయన గిలకలదిండి వైపు నడిచేవారు, వెంట నేను. అక్కడి జాలర్లు ఆయన్ని "సాయిబు గారూ" అని పిలిచి పడవలో చోటిచ్చేవారు. నానా దగ్గర కొన్న ల్యూర్లు లేవు. పాత స్టీలు చెంచా కాడ విరిచి, రెండు కొసలా రంధ్రాలు వేసి, ఒకవైపు గాలం, ఒకవైపు రింగు తగిలించేవారు. నీళ్లలో లాగితే అది చేపపిల్లలా తళుక్కుమనేది. దానికీ నైలాన్ దారానికీ మధ్య జానెడున్నర ఉక్కు తీగ ఉండేది. సైకిల్ బ్రేకు కేబుల్ విప్పితే లోపల సన్నటి పోగులుంటాయి కదా, వాటిలో ఒకటి.

ఒకరోజు ఆయన చూడకుండా ఆ తీగ తీసేసి చెంచాను నేరుగా నైలాన్‌కు కట్టాను. తీగ కనపడకపోతే చేపలు ఎక్కువ పడతాయని నా అఖల్. పడిందీ నిజమే. చేతిలో దారం ఒక్కసారి బిగుసుకుంది, మరుక్షణం వదులైపోయింది. నానా ఆ తెగిన కొసను తీసుకుని వెలుగుకు పెట్టి చూశారు. లాగితే తెగిన దారం కొస చిట్లి, చుట్టలు తిరిగి ఉంటుంది. ఇది బ్లేడుతో కోసినట్టు ఏటవాలుగా ఉంది. ఆయన తిట్టలేదు. ఒకే ఒక్క మాట అడిగారు: "గాలం ఇప్పుడు ఎక్కడుంది బేటా?"

నేను నీళ్ల వైపు చూపించాను. "నీళ్లలో కాదు, దాని నోట్లో ఉంది" అన్నారు. తర్వాత ఇంకో మాట అన్నారు, మా ఇంట్లో ఇప్పటికీ అనుకుంటూ ఉంటాం: "దాంత్ దేఖ్‌కే డోర్ బాంధ్‌నా." పళ్లు చూసి దారం కట్టాలి.

నిజానికి ఈ తారీఖ్ అంతా ఆ నాలుగు మాటల్లోనే ఉంది. పళ్లున్న చేపలన్నీ ఒకలా కొరకవు. వంజరం పళ్లు బల్లపరుపుగా, త్రికోణంగా, అంచులు పదునుగా ఉంటాయి. కత్తెరలా కోస్తాయి. మన నదుల్లో వాలుగ నోట్లో సన్నటి పళ్లు గుంపుగా ఉంటాయి. అవి కోయవు, ఆకురాయిలా అరగదీస్తాయి. విలాయత్ చెరువుల్లోని పైక్ చేపకు కింది దవడలో పెద్ద కోరలు, అంగిట్లో వెనక్కి వాలిన వందల చిన్న పళ్లు ఉంటాయి. లోపలికి పోయింది బయటికి రావడం కష్టం. అరగదీసే చేపకు లావు నైలాన్ సరిపోవచ్చు. కోసే చేపకు మాత్రం లోహం కావాల్సిందే.

ఇది కనిపెట్టి కాగితం మీద పెట్టిన పాత కితాబుల్లో ఒకటి 1496లో ఇంగ్లండులో అచ్చయింది. గాలంతో చేపలు పట్టడం గురించిన చిన్న రిసాలా అది. జులియానా బెర్నర్స్ అనే సన్యాసిని రాసిందని చెప్పుకుంటారు కానీ దాని మీద వాదన ఉంది. అప్పటికి నైలాన్ లేదు, గుర్రపు తోక వెంట్రుకలు పేనిన దారమే దిక్కు. ఏ చేపకు ఎన్ని వెంట్రుకల దారం కావాలో అందులో జాబితా ఉంది. చిట్టి చేపకు ఒకటి, పెద్ద ట్రౌట్‌కు 12, సామన్‌కు 15. అలా పెంచుకుంటూ వచ్చి పైక్ దగ్గర లెక్క ఆగిపోతుంది. ఎన్ని వెంట్రుకలు పేనినా లాభం లేదు. పైక్‌కు గట్టి తాడు కట్టి, దానికి తీగను కవచంగా తొడగమంటుంది ఆ పుస్తకం. వాళ్ల భాషలో ఆ మాటకు అర్థం హథియార్ తొడగడం. యుద్ధానికి వెళ్లే సిపాయికి జిరా-బక్తర్ ఎలాగో, గాలానికి ఈ తీగ అలాగ. ఐజాక్ వాల్టన్ 1653లో రాసిన మషూర్ కితాబులోనూ పైక్ దగ్గరికి వచ్చేసరికి తీగ కట్టిన గాలమే.

దక్కన్ మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఈ ఇంగ్లీషు కితాబులకు మూడు వందల ఏళ్లకు పైగా ముందే, సుమారు 1130 ప్రాంతంలో, కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు మానసోల్లాసం రాయించాడు. అందులో రాజుల వినోదాలలో ఒకటిగా గాలంతో చేపలు పట్టడం మీద ఒక అధ్యాయమే ఉంది. చేపల రకాలు, వాటికి వేసే ఎరలు, కర్ర, దారం, అన్నీ చెప్పాడు. ఆ కల్యాణి తర్వాత నిజాం రియాసత్‌లో కలిసింది, ఇవాళ బీదర్ జిల్లాలో బసవకల్యాణ్. అంటే చేప ముందు కూర్చుని సబ్ర్‌తో దాని తబియత్ చదవడం మన గడ్డకు ఎవరో వచ్చి నేర్పిన ఇల్మ్ కాదు.

మళ్లీ దారం దగ్గరికి వద్దాం. 1667 మార్చిలో లండన్‌లో శామ్యూల్ పెపిస్ అనే పెద్ద సర్కారీ అధికారి తన రోజ్‌నామ్చాలో ఒక ముచ్చట రాసుకున్నాడు. తనకు తెలిసిన సీజర్ అనే లూట్ ఉస్తాద్, ఆ వాద్యానికి కట్టే సన్నటి నరాల తీగకు వార్నిష్ పూసి గాలానికి కట్టాడట. నీళ్లలో ఉబ్బదు, వెంట్రుక కంటే సన్నం, వెంట్రుక కంటే గట్టి. లూట్ అనే పేరు అరబ్బుల "అల్-ఊద్" నుంచే వచ్చింది. ఊద్ వంశపు వాద్యం తీగ గాలం దారమైంది! కాకపోతే అది జంతువు పేగు. ట్రౌట్‌కు ఆగుతుంది, కోరలున్న చేపకు ఆగదు. అయినా సంగీతకారుడి తీగ షికారీ చేతికి రావడం అదే ఆఖరు కాదు.

పైక్ వేటగాళ్లకు లోహం కావాలి, కానీ ఆనాటి ఒంటి తీగ బిరుసు. వంగితే వంకర పోదు, ఎర నీళ్లలో కర్రలా కదులుతుంది. దీనికి 19వ శతాబ్దంలో విలాయత్ దుకాణాల్లో బాగా నడిచిన జవాబు గింప్. పట్టుదారం చుట్టూ సన్నటి ఇత్తడి తీగను దగ్గరదగ్గరగా చుడతారు. మన ఆడవాళ్లు వెంటనే పట్టేస్తారు: ఇది జరీయే! షాదీ దుపట్టా మీద మెరిసే కలాబత్తు పోగు కూడా పట్టు మీద చుట్టిన లోహమే. అదే హునర్ చేప నోట్లోకి వెళ్లింది. పట్టు వల్ల మెత్తదనం వచ్చింది, ఇత్తడి వల్ల హిఫాజత్ వచ్చింది. కానీ లోపలి పట్టు తడికి కుళ్లేది, పైన ఇత్తడికి చిలుము పట్టేది. పైకి మెరుస్తూనే ఉంటుంది, లోపల దమ్ము ఉండదు. పెద్ద చేప పడిన రోజే ఆ సంగతి తెలిసేది.

ఆ జమానాలోనే మన మద్రాసు ప్రెసిడెన్సీలో హెన్రీ సలివన్ థామస్ అనే సివిల్ సర్వీసు దొర ఉండేవాడు. సౌత్ కెనరా కలెక్టరుగా పనిచేశాడు. 1873లో ది రాడ్ ఇన్ ఇండియా, 1887లో ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా అనే కితాబులు రాశాడు. రెండోది మన తాలాబుల చేపల గురించి. ఆనాటి దొరలకు పెద్ద సవాల్ మహసీర్ చేప. విచిత్రం ఏంటంటే దాని దవడల్లో పళ్లే ఉండవు, ఉండేవి గొంతులో. అయినా ఆ నోటి బిగువుకు నాసిరకం గాలాలు నలిగి వంకర పోయేవి. దానికి కావాల్సింది లావు గాలమే కానీ తీగ కాదు. మా నానా ఆ కితాబులు చూడలేదు, ఇంగ్లీషు చదవలేదు. కానీ పళ్లు చూసి దారం కట్టమనే ఉసూల్ ఇద్దరిదీ ఒకటే.

ఇక ఉక్కు సంగతి. 1854లో జేమ్స్ హోర్స్‌ఫాల్ అనే ఇంగ్లీషు కారీగర్ ఉక్కు తీగను వేడిచేసి చల్లార్చే కొత్త తరీఖాకు పేటెంట్ తీసుకున్నాడు. అప్పట్లో పియానోలకు గట్టి తీగ కావాలి. ఈ తీగ సన్నగా ఉండి విపరీతమైన లాగుడుకు తట్టుకునేది. 1872లో విలియం థామ్సన్, అదే తర్వాత లార్డ్ కెల్విన్ అయినాయన, బిస్కే అఖాతంలో సముద్రం లోతు కొలవడానికి జనపనార తాడుకు బదులు పియానో తీగ వదిలాడు. ఆయన పడవ పేరు లాలా రుఖ్. ఔరంగజేబు కూతురి పేరు మీద అల్లిన ఇంగ్లీషు దాస్తాన్ నాయిక పేరది. తీగ సన్నం కాబట్టి నీటి ఒరవడికి కొట్టుకుపోకుండా నిటారుగా దిగింది. తుప్పు పట్టకుండా దాన్ని కాస్టిక్ సోడా నీళ్లలో ఉంచేవారు.

ఆ శతాబ్దం ముగిసేలోపు అమెరికా తీరాల్లో పెద్ద చేపల షికారీలు పియానో తీగనే గాలానికి కట్టసాగారు. పెపిస్ జమానాలో లూట్ తీగ, ఇప్పుడు పియానో తీగ. మన సితార్‌కు కట్టే ఉక్కు తీగ కూడా ఈ ఖాందాన్‌దే. ఒకసారి నానాకు ఒక ఖవ్వాల్ దోస్తు సితార్ తీగ చుట్ట ఇచ్చాడు. బ్రేకు పోగు కంటే అదే మేలని నానా చాలాకాలం దాన్ని దాచుకుని వాడారు. ఉప్పునీటి నుంచి రాగానే మంచినీళ్లలో కడిగి, కొబ్బరినూనె గుడ్డతో తుడిచి, డబ్బాలో పెట్టేవారు. కెల్విన్ సాబ్‌కు కాస్టిక్ సోడా, మా నానాకు కొబ్బరినూనె. ఇద్దరి దుష్మన్ ఆ తుప్పే.

1913లో షెఫీల్డ్‌లో హ్యారీ బ్రేర్లీ తయారుచేసిన స్టెయిన్‌లెస్ స్టీలుతో తుప్పు బాధ చాలావరకు తగ్గింది. తర్వాత సన్నటి స్టీలు పోగులను తాడులా పేని, పైన నైలాన్ తొడుగు వేసిన తీగలు వచ్చాయి. నైలాన్‌ది ఇంకో ముచ్చట. 1935లో అమెరికాలో డ్యూపాంట్ ప్రయోగశాలలో పుట్టింది. 1938లో బజారులోకి మొదట వచ్చింది పళ్లు తోముకునే బ్రష్షుల రూపంలో. పళ్లను శుభ్రం చేయడానికి వచ్చిన పోగును వంజరం పళ్లు క్షణంలో కోసేస్తాయి. 1971లో జపాన్ కంపెనీ ఒకటి ఫ్లోరోకార్బన్ దారం తెచ్చింది. నీళ్లలో కాంతి వంగే తీరుకు అది దగ్గరగా ఉంటుంది కాబట్టి సరిగా కనపడదు. రాపిడికి బాగా ఆగుతుంది. అయినా వంజరం పళ్లకు అదీ పెద్ద లెక్క కాదు. 1959 తర్వాత అమెరికా నౌకాదళ ప్రయోగశాలలో బయటపడిన నికెల్-టైటానియం మిశ్రమం ఇప్పుడు గాలం తీగగా దొరుకుతోంది. ఎలా వంచినా మళ్లీ సీదా అవుతుంది. ఖరీదు ఎక్కువ.

తీగ సరే, మరి ల్యూర్ ఒళ్లు? దాన్నీ కాపాడుకోవాలి కదా. 1852లో జూలియో బ్యూల్ అనే అమెరికన్ చెంచా ఆకారపు లోహపు ఎరకు పేటెంట్ తీసుకున్నాడు. లోహాన్ని ఏ పళ్లూ నమలలేవు. నానా చెంచా కూడా అదే సిల్‌సిలా. 1936లో ఫిన్లాండులో లౌరి రాపాలా అనే పేద జాలరి బెండుతో చేపపిల్ల బొమ్మ చెక్కాడు. పైన రేకు కాగితం అతికించి, ఫొటో నెగటివ్‌లు కరిగించి వార్నిష్‌లా పూశాడు. ఆ సరస్సుల్లో పైక్ ఉంటుంది మరి. చెక్క, బెండు ల్యూర్లలో బాగా చేసినవాటికి ముక్కు నుంచి తోకదాకా లోపల ఒకే తీగ నడుస్తుంది. ఒళ్లు పగిలినా గాలం ఊడదు.

ఇంత చెప్పాక మా మేనల్లుడు, "సరే మామూ, మరి కనపడితే ఎలా?" అని మళ్లీ మొదటికొచ్చాడు. సవాల్ సహీ. అయిదు వందల ఏళ్లుగా ఈ బేరమే నడుస్తోంది: చేప పళ్లకు ఆగాలి, చేప కళ్లకు ఆనకూడదు. రెండూ పూర్తిగా ఏ తీగకూ కుదరవు. అందుకే తీగ లావు తగ్గించాలి, పొడవు సరిపడా ఉంచాలి. వంజరానికి సన్నటి ఒంటి ఉక్కు తీగ, ఒక అడుగుకు తగ్గకుండా. మరీ పొట్టిదైతే చేప ఎరను దాటి పైన కొరుకుతుంది. దారాన్నీ తీగనూ కలిపే స్వివెల్ నల్లటిది ఉండాలి. మెరిసేదాన్ని చిన్నచేప అనుకుని దాని మీదికే వస్తుంది, తీగకు పైనున్న దారాన్ని కోసి పోతుంది.

ఒంటి తీగకు మామూలు ముడి పనికిరాదు. బిగిస్తే మడత పడుతుంది, మడత పడ్డచోటే విరుగుతుంది. ఉచ్చు చేసి, రెండు పాయలూ ఒకదాన్నొకటి సమంగా పెనవేసుకునేలా నాలుగైదు మెలికలు తిప్పాలి. తర్వాత మిగిలిన కొసను అడ్డంగా, దగ్గరదగ్గరగా చుట్టాలి. ఆ కొసను పటకారుతో కత్తిరిస్తే మొన మిగిలి వేలు కోసుకుంటుంది. అటూ ఇటూ ఊపి విరిచేస్తే నున్నగా ఊడుతుంది. ఈ పని నాకు నేర్పింది ఏ కితాబూ కాదు, నానా చేతి వేళ్లు. చేప పడిన ప్రతిసారీ తీగను గోటితో తడిమి చూసేవారు. ఎక్కడ గరుకు తగిలినా, మడత కనిపించినా, మొహమాటం లేకుండా పారేసి కొత్తది కట్టేవారు.

ఇంకో సంగతి గిలకలదిండి జాలరి ఒకాయన చెప్పింది. వంజరం ముందు ఎర తోకను కోస్తుందట, తర్వాత తిరిగొచ్చి మిగతాది తింటుంది. అందుకే ఆయన వెనకాల చిన్న తీగతో ఇంకో గాలం వదిలేవాడు. "తోక కోసేవాడికి తోకలోనే గాలం, సాయిబు గారూ" అనేవాడు. ఇవాళ ఖలీజ్ దుకాణాల్లో కూడా అదే బందోబస్తు ప్యాకెట్లలో కట్టి అమ్ముతున్నారు. కలెక్టరు తజుర్బా కితాబై అల్మారా ఎక్కింది. ఆ జాలరి తజుర్బా ఆయనతోనే పోయింది, నాలాంటి ఒకరిద్దరి జ్ఞాపకంలో తప్ప.

ఇక మేనల్లుడికి చివరగా చెప్పింది ఇక్కడా చెబుతాను. నాలుగు రియాళ్ల ల్యూర్ పోయిందని వాడి బాధ. నా చెంచా పోయిందని ఆ రోజు నా బాధ. నానా బాధ వేరు. దారం తెగితే మనకు పోయేది డబ్బు, చేపకు మిగిలేది నోట్లో గాలం. మూడు ముళ్ల గాలమైతే దవడలు బిగుసుకుపోయి తిండికి కూడా దూరం కావచ్చు. "పట్టుకుంటే రిజ్క్, వదిలితే రహం. తెగ్గొట్టుకుంటే మాత్రం ఖర్జ్" అనేవారాయన. అందుకే ఇంగ్లండులో చాలా చెరువుల దగ్గర పైక్ పట్టేవాళ్లకు తీగ తప్పనిసరి అని ఖాయిదా పెట్టారు. ల్యూర్‌ను కాపాడే తీగ అనుకుంటాం. అసలు అది చేపను మన గలతీ నుంచి కాపాడే తీగ.

మరుసటి జుమాకు వాడు ఫొటో పంపాడు. చేప ఫొటో కాదు. అరచేతిలో ఒక అడుగు తీగ, రెండు కొసలా మెలికలు. ఒక కొస బాగానే వచ్చింది. రెండోది వదులుగా ఉంది, చుట్ల మధ్య సందు కనిపిస్తోంది.

"రెండోది విప్పి మళ్లీ కట్టు బేటా" అని రాశాను.